పైకప్పున కావలివాడు మెలకువగా ఉన్నాడా?



మా స్త్రీల వార్డులో నిలబడి పైకి చూస్తే తెల్లని మూకుడు బోర్లించినట్లుండే చిన్న పరికరాలు కనబడతాయి. వాటిలో ఒక బుల్లి ఎర్రదీపం కొన్ని క్షణాలకొకసారి మిణుకుమంటుంది. "సిస్టర్‌గారూ, అది కెమెరానా?" అని చాలామంది అడుగుతారు. కెమెరా కాదు. పొగను పసిగట్టే స్మోక్ డిటెక్టర్. రాత్రివేళ మీరు, మీ రోగి నిద్రపోయినా అది మేలుకొని ఉండాలి. అందుకే దానిని మేము కావలివాడు అంటాము.

ఆ కావలివాళ్లలో ఒకడు మా వార్డులోనే మూడు నెలలకు పైగా కళ్ళకు గంతలతో ఉన్నాడు. ఆ సంగతి మాకు తెలియలేదు. ఈ నెల ఆరోగ్య శీర్షికలో దాని గురించే చెప్పదలచుకున్నాము. మా తప్పు మేము చెప్పుకోవడానికి సిగ్గుపడితే దానివల్ల మీకు కలిగే మేలు కూడా పోతుంది.

క్రిస్మసుకు ముందు వార్డుకు రంగులు వేయించాము. గోడలు గీకేటప్పుడు లేచే దుమ్ము లోపలికి పోకుండా పనివాళ్లు ప్రతి డిటెక్టరుకు ఒక ప్లాస్టిక్ మూత తొడిగారు. అది చేయవలసిన పనే. పని ముగిశాక మూతలు తీసేశారు. మూల మంచానికి పైన, దూలం చాటున ఉన్న ఒకదాని మూత మాత్రం తీయడం మరచిపోయారు. ఎన్ని తొడిగారో, ఎన్ని తీశారో లెక్క చూడవలసినవాళ్లం మేము. మేమూ చూడలేదు.

మార్చి నెలలో మా టెక్నీషియన్ పరీక్షకు వచ్చాడు. పొడవాటి కర్ర చివర పరీక్ష పొగ డబ్బా పెట్టి ఒక్కొక్క డిటెక్టరుకు చూపిస్తూ పోయాడు. అన్నీ మోగాయి. మూలది మోగలేదు. నిచ్చెన వేసి ఎక్కి చూస్తే మూత అలాగే ఉంది.

మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టినది ఆ మరపు కాదు. ఆ మూడు నెలలూ నర్సుల గది పక్కనున్న అలారం ప్యానెల్ మీద పచ్చదీపమే వెలిగింది. ఆ యంత్రం రాత్రింబగళ్లు తన్ను తాను పరీక్షించుకొని "అంతా సవ్యంగా ఉంది" అని చెబుతూ వచ్చింది. ఇంకొక విచిత్రం. లోపల పేరుకున్న దుమ్ము ఎంతో అది ప్రతి డిటెక్టరుకు ఒక లెక్క చూపుతుంది. ఆ లెక్కలో అన్నిటికంటే శుభ్రంగా కనబడినది మూత ఉన్న ఆ డిటెక్టరే! దుమ్ము పోదు, పొగా పోదు. మరి శుభ్రంగా ఉండక ఏమవుతుంది?

ఆ మూడు నెలల్లో దేవుని కృపవలన అక్కడ నిప్పు పుట్టలేదు. అయితే కృపను మన అజాగ్రత్తకు సాకుగా చేసుకోకూడదు.

మంట కంటే ముందు పొగ

"ఇంత చిన్న పరికరం కోసం ఇంత కంగారెందుకు?" అని మీరు అడగవచ్చు. నిప్పు అంటుకున్న చోట చాలామంది కాలి చనిపోరు. పొగ పీల్చి చనిపోతారు. 2011 డిసెంబరు 9 తెల్లవారుజామున కోల్‌కతాలోని ఒక పెద్ద ఆసుపత్రిలో నేలమాళిగలో నిప్పు పుట్టింది. పొగ పై అంతస్తులకు ఎక్కింది. సుమారు 90 మంది ప్రాణాలు పోయాయి. వారిలో ఎక్కువమంది మంచం మీదనుండి లేవలేని రోగులు, పొగకు ఊపిరాడక పోయినవారు. మన దగ్గరే 2023 మార్చిలో సికింద్రాబాదులోని ఒక వ్యాపార భవనంలో మంటలు వచ్చినప్పుడు ఆరుగురు యువతీయువకులు పొగలో చిక్కుకొని మరణించారు.

నిద్రలో ఉన్న మనిషి ముక్కు మీద నమ్మకం పెట్టుకోకూడదు. పొగ వాసనకు మెలకువ వస్తుందని అనుకుంటాము. తరచుగా రాదు. పైగా పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ మనిషిని ఇంకా మత్తులోకి దించుతుంది. నడవగలిగినవారికే అలా ఉంటే, కాలికి ప్లాస్టరు వేసుకొని పడుకున్నవారి సంగతి, ఆపరేషన్ అయి మొదటి రాత్రి గడుపుతున్నవారి సంగతి ఏమిటి? వారిని మంచాలతో సహా బయటికి తోయడానికి మాకు సమయం కావాలి. ఆ నాలుగైదు నిమిషాలను మాకు ఇచ్చేది పైనున్న కావలివాడే.

పసిబిడ్డ తూనిక చెప్పే పాఠం

ఈ యంత్రాలు తమను తాము ఎలా సరిచూసుకుంటాయో అర్థం కావాలంటే మా కాన్పుల వార్డులోని తూనిక దగ్గరికి రండి. బిడ్డను పడుకోబెట్టకముందు మేము ఖాళీ తూనిక సున్న చూపుతున్నదా అని చూస్తాము. చూపకపోతే బొత్తాం నొక్కి సున్నకు తెస్తాము. యంత్రం చూపే అంకెను నిజమైన కొలతతో పోల్చి సరిచేయడాన్నే క్యాలిబ్రేషన్ అంటారు. కిరాణా కొట్టువాడు ఖాళీ తక్కెడ ముల్లు నడుమకు వచ్చిందని మీకు చూపించడం కూడా అటువంటిదే.

ఇప్పుడు ఒక సంగతి ఆలోచించండి. బొత్తాం నొక్కే సమయానికి ఎవరో తూనిక మీద చేయి ఆనించి ఉన్నారనుకోండి. యంత్రం ఆ చేతి బరువునే సున్న అనుకుంటుంది. చేయి తీశాక ఇక ఆ రోజు తూచిన ప్రతి బిడ్డా తక్కువ బరువే చూపుతుంది. తూనిక చెడిపోలేదు. అది అబద్ధమూ ఆడలేదు. తప్పుడు సున్న నేర్చుకుంది, అంతే.

పొగ యంత్రానికైనా, గ్యాసు యంత్రానికైనా ఉన్న బలహీనత ఇదే. తన చుట్టూ ఉన్న గాలినే అది మంచిగాలి అనుకొని అక్కడ సున్న పెట్టుకుంటుంది. ఆ గాలి నిజంగా మంచిదో కాదో దానికి తెలియదు.

పొగ డిటెక్టరు లోపల ఏముంటుంది?

మా ఆసుపత్రిలో ఉన్నవి వెలుగుతో పనిచేసే రకం. లోపల ఒక చిన్న చీకటి గది ఉంటుంది. అందులో ఒక బుల్లి దీపం, ఒక బుల్లి కన్ను ఉంటాయి. దీపపు వెలుగు నేరుగా కంటిమీద పడకుండా రెంటినీ ఒక కోణంలో అమరుస్తారు. గాలి తేటగా ఉంటే కంటికి దాదాపు ఏమీ కనబడదు. పొగ లోపలికి వస్తే ఆ రేణువుల మీద వెలుగు పడి చెదరి కంటిని చేరుతుంది. తలుపు సందులోనుండి ఎండ గదిలోకి పడినప్పుడు గాలిలోని దుమ్ము తళతళలాడుతూ కనబడుతుంది కదా, అదే పద్ధతి. ఆ వెలుగు ఒక హద్దు దాటగానే అలారం మోగుతుంది.

అయితే ఏడాది పొడవునా దుమ్ము కూడా కొంచెం కొంచెంగా ఆ గదిలో చేరుతుంది. అదీ వెలుగును చెదరగొడుతుంది. పొగ లేకపోయినా కంటికి రోజురోజుకు కాస్త ఎక్కువ వెలుగు కనబడుతుంది. అలాగే వదిలేస్తే ఒక రాత్రి ఏ కారణం లేకుండా అలారం మోగుతుంది. రెండుసార్లు ఊరకే మోగితే మూడోసారి దాన్ని ఎవరూ లెక్కచేయరు. నాలుగోసారి ఎవరో ఒకరు దాని నోరు నొక్కేస్తారు.

అందుకే ఇప్పటి ప్యానెళ్లలో తనకు తానే సరిచేసుకొనే ఏర్పాటు ఉంది. పొగ క్షణాల్లో, నిమిషాల్లో పెరుగుతుంది. దుమ్ము వారాల్లో, నెలల్లో పెరుగుతుంది. ఆ తేడా పట్టుకొని, నెమ్మదిగా పెరిగినదాన్ని దుమ్ముగా లెక్కగట్టి యంత్రం తన సున్నను అంతమేరకు పైకి జరుపుకుంటుంది. అలారం మోగే హద్దును కూడా అంతే జరుపుతుంది. ఆ విధంగా రెంటి మధ్య ఎడం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. పరుపులో రాజుకొని గంటలకొద్దీ కమిలే నిప్పును దుమ్ముగా పొరబడకుండా ఈ సవరణను చాలా నెమ్మదిగా, ఒక పరిమితికి లోబడి చేయిస్తారు. పరిమితి వచ్చాక "నన్ను శుభ్రం చేయండి" అని ప్యానెల్ మీద సూచన వస్తుంది. ఇది కాక ప్యానెల్ ప్రతి డిటెక్టరును కొద్ది క్షణాలకొకసారి పేరుపెట్టి పిలిచినట్లు పలకరిస్తుంది. తీగ తెగినా, డిటెక్టరు ఊడినా, బదులు రాదు కనుక వెంటనే తెలుస్తుంది.

ఇది ఎంతో మేలైన ఏర్పాటే. కాని మూత తొడిగిన డిటెక్టరు ఏం చేసింది? ప్యానెల్ పిలిచినప్పుడల్లా "ఉన్నాను" అని పలికింది. దాని దీపం, కన్ను బాగానే ఉన్నాయి. లోపలికి దుమ్ము రాలేదు కనుక సున్న జరగలేదు. యంత్రం అడిగిన ప్రశ్నలన్నిటికీ సరైన జవాబే వచ్చింది. "బయటి గాలి నీ దగ్గరికి వస్తున్నదా?" అన్న ప్రశ్నను మాత్రం యంత్రం అడగలేదు. అడగలేదు కూడా. ఆ ప్రశ్న అడగడానికి కర్ర పట్టుకొని మనిషే రావాలి.

ఆ తరువాత మేము ఒక పాఠం నేర్చుకున్నాము. దుమ్ము లెక్క చూసేటప్పుడు ఎక్కువ ఉన్నవాటినే కాదు, తోటివన్నీ పెరుగుతుంటే తాను మాత్రం కదలకుండా ఉన్నదానిని కూడా అనుమానించాలి.

ఎప్పుడూ ఖాళీ కాని గది

కోవిడ్ తరువాత గాలి మార్పిడి ఎలా ఉందో చూడడానికి మా ఔట్‌పేషెంట్ హాలులో ఒకటి, ఐసీయూలో ఒకటి కార్బన్ డయాక్సైడ్ మీటర్లు పెట్టించాము. మనం వదిలే ఊపిరిలో ఆ గ్యాసు ఉంటుంది. మూసిన గదిలో జనం ఎక్కువైతే అంకె పెరుగుతుంది. కిటికీలు తెరవాలని దానితో తెలుస్తుంది.

ఈ మీటర్లలో చాలావాటికి తమ సున్నను తామే దిద్దుకొనే పద్ధతి ఉంటుంది. సుమారు ఒక వారంలో తాము చూసిన అన్నిటికంటే తక్కువ అంకెను బయటి గాలిగా భావించి, అది పది లక్షల పాళ్లలో 400 అని లెక్కవేసుకుంటాయి. ఔట్‌పేషెంట్ హాలు రాత్రులు, ఆదివారాలు ఖాళీగా, కిటికీలు తెరిచి ఉంటుంది. అక్కడ ఆ లెక్క దాదాపు సరిపోతుంది. మరి ఐసీయూ? అది ఏ రాత్రీ ఖాళీ కాదు. ఏసీ కోసం తలుపులు మూసే ఉంటాయి. ఉదాహరణకు అక్కడి గాలి ఎంత బాగున్నప్పుడైనా 700 కన్నా తగ్గదనుకోండి. మీటరు ఆ 700నే 400 అనుకుంటుంది. ఇక నిజంగా 1300 ఉన్నప్పుడు 1000 అని చూపుతుంది. చూసేవారికి పరవాలేదనిపిస్తుంది. గాలి చెడిన గదిలోనే యంత్రం గాలి బాగుందని చెబుతుంది!

మా టెక్నీషియన్ ఐసీయూ మీటరులో ఆ ఏర్పాటును ఆపివేశాడు. ఇప్పుడు దాన్ని అప్పుడప్పుడు ఆరుబయటికి తీసుకుపోయి, చెట్టు కింద కాసేపు ఉంచి సరిచేస్తాడు. ఈ రోజుల్లో బయటి గాలే 420 పైన ఉంటుంది కనుక దానికి తగిన అంకె పెడతాడు. ఎవరి ఊపిరీ నేరుగా తగలకుండా దూరంగా నిలబడతాడు. మీరు ఎప్పుడైనా చూసి "యంత్రాన్ని ఎండలో ఆరబెడుతున్నారా?" అనుకొని ఉంటే, సంగతి ఇది.

నెలలు నిండని బిడ్డ, ఆక్సిజన్ కొలత

అన్నిటికంటే మేము భయభక్తులతో చూసే కొలత శిశువుల వార్డులో ఉంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఆక్సిజన్ ప్రాణం పోస్తుంది. అదే ఆక్సిజన్ ఎక్కువైతే కంటిలోని సున్నితమైన రక్తనాళాలు దెబ్బతిని చూపు పోవచ్చు. తక్కువైతే మెదడుకు, ప్రాణానికి ముప్పు. కనుక బిడ్డకు ఎంత శాతం ఆక్సిజన్ ఇస్తున్నామో కచ్చితంగా తెలియాలి.

దాన్ని కొలిచే సెన్సరు ఒక చిన్న బ్యాటరీ వంటిది. ఆక్సిజన్ తగిలితే లోపలి సీసపు లోహం కొంచెం కొంచెంగా ఖర్చవుతూ కరెంటు పుట్టిస్తుంది. ఖర్చయ్యే వస్తువు కనుక ఆయుష్షు ఉంది. సాధారణంగా ఒకటి రెండేళ్లు. ముసలిదైన సెన్సరు ఒక మోసం చేస్తుంది. మామూలు గాలిలో 21 శాతం దగ్గర సరిగ్గానే చూపుతుంది. పూర్తి ఆక్సిజన్ పెట్టినప్పుడు మాత్రం 100 చూపలేక కిందనే ఆగిపోతుంది. 21 దగ్గర మాత్రమే సరిచూసి వదిలేస్తే ఆ లోపం బయటపడదు. అప్పుడు బిడ్డకు అందుతున్న ఆక్సిజన్ కంటే తక్కువ అంకె కనబడుతుంది. చూసిన నర్సు ఇంకొంచెం పెంచుతుంది. భారం బిడ్డ కళ్ళమీద పడుతుంది.

అందుకే మేము రెండు చోట్ల సరిచూస్తాము. ఒకటి 21, రెండవది 100. 21 కోసం సెన్సరును ఆక్సిజన్ గొట్టాలకు దూరంగా, బయటి గాలిలోకి తీసుకుపోతాము. గొట్టం కారుతున్న చోట గాలిలో ఆక్సిజన్ 23 లేదా 24 శాతం ఉండవచ్చు. అక్కడ నిలబడి "ఇదే 21" అని నేర్పితే మళ్లీ తూనిక మీద చేయి పెట్టిన కథే. అంతేకాదు, 23.5 శాతం దాటిన గాలిలో నిప్పు మామూలుకంటే త్వరగా అంటుకొని విజృంభిస్తుంది. ఆక్సిజన్ పెట్టిన మంచం దగ్గర కొవ్వొత్తి వెలిగించి ప్రార్థన చేసుకుంటామని అడిగినప్పుడు మేము వద్దనేది అందుకే. ప్రార్థన చేసుకోండి, మేమూ కలుస్తాము. కొవ్వొత్తి మాత్రం వద్దు.

యంత్రం ఎంత బాగున్నా, నెలలు నిండని బిడ్డను డాక్టరుగారు చెప్పిన తేదీకి కంటి పరీక్షకు తప్పక తీసుకురండి. మన దేశంలో 34 వారాల లోపు పుట్టిన బిడ్డలకు, రెండు కిలోల కంటే తక్కువ బరువున్న బిడ్డలకు పుట్టిన 30 రోజుల్లోపు ఈ పరీక్ష చేయాలని వైద్యులు సూచిస్తున్నారు. "కళ్ళు బాగానే కనబడుతున్నాయి కదా" అని మానవద్దు.

మీ వంటింటి సంగతి

వంట గ్యాసుకు నిజానికి వాసన లేదు. కారితే తెలియాలని ఇథైల్ మెర్‌కాప్టాన్ అనే ఘాటైన పదార్థాన్ని కలుపుతారు. కాని మన ముక్కుకూ యంత్రానికున్న బలహీనతే ఉంది. ఒకే వాసనలో కొద్దిసేపు ఉంటే ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. అంటే ముక్కు కూడా తన సున్నను జరుపుకుంటుంది. బయటినుండి వచ్చిన పక్కింటి పిన్నిగారికి గుప్పున కొట్టే వాసన, ఉదయంనుండి వంటింట్లో ఉన్నవారికి తెలియదు. జలుబు చేసినవారికి, పెద్దవయసు వారికి మరీ తెలియదు.

అందుకే కొందరు గ్యాస్ లీక్ డిటెక్టర్ కొంటున్నారు. మంచిదే. చాలా ఇళ్లలో ఉండే రకంలో టిన్ ఆక్సైడ్ పూత మీద చిన్న వేడి ఉంటుంది. గ్యాసు తగిలితే దానిలో కరెంటు సులువుగా పారుతుంది, అలారం మోగుతుంది. గాలిలో వంట గ్యాసు సుమారు 2 శాతానికి చేరితే నిప్పురవ్వకు పేలుతుంది. అందులో పదో వంతు, అయిదో వంతు ఉన్నప్పుడే మోగేటట్లు సాధారణంగా అమరుస్తారు. సిలిండరు గ్యాసు గాలికంటే బరువు. నేలమీద పాకుతుంది. కనుక డిటెక్టరును నేలకు అడుగు ఎత్తులోపు పెట్టాలి. పైపులైను ద్వారా వచ్చే గ్యాసు గాలికంటే తేలిక. దానికి పైకప్పు దగ్గర పెట్టాలి.

ఇక ముఖ్యమైన మాట. పరికరం మీద ఉండే టెస్ట్ బొత్తాం నొక్కితే గంట మోగుతుంది. అది గంట బాగున్నదని మాత్రమే చెబుతుంది. ముక్కు బాగున్నదని చెప్పదు. ఫ్యాక్టరీలలో వాడే మరొక రకం సెన్సరు సిలికోన్ ఆవిరి తగిలితే మొద్దుబారిపోతుంది. తలకు రాసే సీరములలో, పాలిష్‌లలో, సందులకు పూసే సీలెంట్లలో సిలికోన్ ఉంటుంది. అటువంటి సెన్సరు చుట్టూ గ్యాసు నిండినా సున్నే చూపుతుంది. గాలి బాగున్నప్పుడు సున్న, సెన్సరు చచ్చినప్పుడూ సున్న! అందుకే అక్కడ కొలిచి ఉంచిన గ్యాసును కొంచెం చూపించి, అంకె కదిలిందా అని పరీక్షిస్తారు. మీ ఇంటి పరికరాన్ని కూడా ఏడాదికొకసారి అమ్మినవారిచేత పరీక్ష గ్యాసుతో చూపించుకోండి. దానిమీద ముద్రించిన గడువు తీరితే, గంట మోగుతున్నా సరే మార్చేయండి.

వాసన లేని విషం

బాలింత గదిలో తలుపులన్నీ మూసి కుంపటి పెట్టే అలవాటు ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. సందులేని బాత్రూములో గ్యాస్ గీజర్ పెట్టుకున్నవారూ ఉన్నారు. రెంటినుండీ కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వాంతి, మత్తు, ఆపైన ప్రాణమే. పూర్వం బ్రిటన్ బొగ్గు గనుల్లో దీన్ని కనిపెట్టడానికి పంజరంలో కానరీ పిట్టను తీసుకుపోయేవారు. అక్కడ 1986 వరకు ఆ పద్ధతి ఉంది.

మీ వేలికి మేము తగిలించే పల్స్ ఆక్సీమీటరు కూడా ఈ విషం దగ్గర మోసపోతుంది. రక్తంలో ఆక్సిజన్ ఉండవలసిన చోట కార్బన్ మోనాక్సైడ్ చేరినా ఆ రంగును ఆక్సిజన్ రంగుగానే పొరబడి 98, 99 అని చూపుతుంది. కనుక అటువంటి రోగిని తెచ్చినప్పుడు "గదిలో కుంపటి ఉంది", "గీజర్ వేసి ఉంది" అని దాచకుండా మాకు చెప్పండి. ఆ ఒక్క మాట యంత్రం చెప్పలేనిది.

ఇప్పుడు మేము చేస్తున్నది

ప్రతి ఉదయం డ్యూటీ మారేటప్పుడు ఇద్దరు నర్సులు కలిసి ప్యానెల్ చూసి పుస్తకంలో సంతకం పెడుతున్నాము. ప్రతి నెలా ఒక వార్డులో అలారం మోగించి, ఎవరు ఏ మంచం తోయాలో సాధన చేస్తున్నాము. ప్రతి మూడు నెలలకు ఒక్కటి కూడా వదలకుండా అన్ని డిటెక్టర్లకు పరీక్ష పొగ చూపిస్తున్నాము. రంగులు, మరమ్మతులు జరిగినప్పుడు మూతలకు నంబర్లు రాసి, ఎన్ని వెళ్లాయో అన్ని తిరిగి వచ్చాకే పనివారికి సెలవిస్తున్నాము. ఆ మూల డిటెక్టరు మూతను పారవేయలేదు. నర్సుల గదిలో మేకుకు తగిలించి ఉంచాము. కొత్తగా చేరే ప్రతి నర్సుకు దాన్ని చూపి ఈ కథ చెబుతాము.

మీరు మాకు చేయగల సహాయం

1. వార్డులో బిడ్డకు సాంబ్రాణి పొగ వేయవద్దు. అగరుబత్తి, దోమల చుట్ట వెలిగించవద్దు. బిడ్డ ఊపిరితిత్తులకూ అది మంచిది కాదు.

2. బాత్రూములో బీడీ, సిగరెట్ కాల్చవద్దు. రాత్రి మోగిన ఉత్తుత్తి అలారం తరువాత నిజంగా మోగిన అలారాన్ని జనం నమ్మరు.

3. సెంటు, పౌడరు, దోమల మందు డిటెక్టరు కింద కొట్టవద్దు. దుప్పటి ఆరవేయడానికి దానికి తాడు కట్టవద్దు.

4. శబ్దానికి చంటిబిడ్డ లేచిందని డిటెక్టరుకు గుడ్డ కట్టమని అడుగుతారు. మీ బాధ మాకు తెలుసు. కట్టము. ఎందుకు మోగిందో చూసి సరిచేస్తాము.

5. ఎర్రదీపం మిణుకుమనడం లేదనిపించినా, మూత ఉన్నట్లు కనబడినా డ్యూటీలో ఉన్న సిస్టరుకు చెప్పండి. మంచం మీద వెల్లకిలా పడుకొని పైకప్పును చూసేది మీరే. మాకంటే ముందు మీకే కనబడుతుంది.

6. అలారం మోగితే లిఫ్టు ఎక్కవద్దు. పొగ ఉంటే వంగి, నేలకు దగ్గరగా కదలండి. మేము చెప్పిన దారిన నడవండి.

7. ఇంట్లో గ్యాసు వాసన వస్తే స్విచ్చి వేయవద్దు, తీయవద్దు. అగ్గిపుల్ల గీయవద్దు. రెగ్యులేటరు కట్టి, తలుపులు, కిటికీలు తెరిచి, అందరూ బయటికి వచ్చి, అక్కడినుండి 1906 నంబరుకు ఫోను చేయండి. నిప్పు అంటుకుంటే 101.

చివరిగా ఒక్క మాట. యంత్రాలు తమను తాము సరిచూసుకోవడం మంచిదే. అది లేకపోతే ఇన్ని డిటెక్టర్లను రోజూ చూసుకోవడం మా వల్ల కాదు. కాని ఏ కావలివాడైనా తనకు తానే సాక్షి అయితే చాలదు. మన మనస్సాక్షి సంగతి కూడా ఇంతే. చెడుగాలిలో చాలాకాలం ఉంటే అదే మంచిగాలి అనుకుంటుంది. బయటినుండి ఒక వెలుగు, ఒక మంచి స్నేహితుని మాట దానికి కావాలి.

ఈ సారి వార్డుకు వచ్చినప్పుడు ఒకసారి పైకి చూడండి. ఆ బుల్లి ఎర్రదీపం మీకు కనబడాలి. కనబడకపోతే మమ్మల్ని అడగండి. అడిగినందుకు ఎవరూ నొచ్చుకోరు. మేము సంతోషిస్తాము.

ప్రభువు మీ ఇళ్లను, మీ బిడ్డలను, మీ నిద్రను కాపాడును గాక.